వారధికి లేటుగా వచ్చిన ఉడత

మే నెలాఖరులో ఒక పొద్దున్న మామ్మ పెరట్లో పిండి వడియాలు ఎండబెడుతూ "ఒరే గుంటా, ఇలగ రా, గోడ మీద ఏటో తెల్లగా పాకుతోంది" అని అరిచింది. నేను పళ్ళు తోముకుంటూ వెళ్ళి చూసి ఏదో పాల కవరు గాలికి కొట్టుకుంటోందిలే అనుకున్నా, అది కాస్తా ఆగి, వెనక కాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులతో ఒక వడియం పట్టుకుని కొరకడం మొదలెట్టాక గానీ అర్థం కాలేదు ఉడత అని. తెల్ల ఉడత. చెవుల దగ్గర్నుంచి తోక చివరిదాకా తెలుపే, వీపు మీద ఒక్క గీత లేదు. నోట్లో బ్రష్షు అలాగే ఉండిపోయింది, నురగ చొక్కా మీదికి కారిన సంగతి కూడా తర్వాత అమ్మ తిడితే తెలిసింది.

ఉడతలంటే నాకు ముందునుంచీ పిచ్చే. ఒడిశాలో మా పర్లాకిమిడి ఇంట్లో అవి మాతో పాటు కాపురం ఉంటాయి అనాలి. పాత పరుపులో దూది పీక్కుపోతాయి, గుమ్మం ముందు కొబ్బరిపీచు పట్టాని నెలకింత చొప్పున తగ్గిస్తాయి, ఒకసారి వెంటిలేటర్లో గూడు కట్టి మూడు పిల్లల్ని పెడితే అవి కళ్ళు తెరిచి బయటికొచ్చేదాకా ఆ గదిలో లైటు కూడా వెయ్యనివ్వలేదు మామ్మ. కేబుల్ వైరు కొరికేసినా సరే, పాపం దాని తప్పేముంది, ముందు పళ్ళు బతికినన్నాళ్ళూ పెరుగుతూనే ఉంటాయి, ఏదో ఒకటి కొరికి అరగదీసుకోకపోతే నోరే మూతపడదు. ఇన్ని ఉడతల్ని చూశా గానీ తెల్లది మాత్రం ఎప్పుడూ చూడలేదు.

సాయంత్రానికి వీధంతా తెలిసిపోయింది, మనిషికో థియరీ. ఎదురింటాయన అయితే అది పిండిమిల్లు ఉడత, గోధుమపిండిలో పొర్లి వచ్చింది, అంతకంటే ఏం లేదు అని తేల్చేశాడు. పక్కింటి ఒడియా ఆవిడ, మేం మావుసీ అంటాం, "ధొళా గుండుచి" అని చేతులు జోడించింది, ఇంటికి లక్ష్మి వస్తుందట (ఒడియాలో ఉడతని గుండుచి మూషా అంటారు, అంటే వాళ్ళ లెక్కలో అది ఎలుకకి బంధువు, సైన్సు ప్రకారం కూడా పెద్ద తప్పేం కాదు, రెండూ కొరికే జాతే). కిరాణా షాపు మావయ్య దానికి బొల్లి వచ్చిందన్నాడు. ఇంటర్ చదివే మా తమ్ముడు ఫోన్లోంచి తల ఎత్తకుండానే ఆల్బినో అనేశాడు. మామ్మది మాత్రం వేరే లెక్క. "వారధి కట్టినప్పుడు ఇది లేటుగా వచ్చుంటాది, రావుడు వీపు నిమరలేదు, అందుకే గీతల్లేవు."

నిజం చెప్పాలంటే ఈ ఐదింటిలో నాకు బాగా నచ్చింది మామ్మదే, ఎందుకంటే అసలు ప్రశ్న పట్టుకున్నది ఆవిడ ఒక్కతే. మిగతా అందరూ తెలుపు ఎక్కడ్నుంచి వచ్చింది అని అడుగుతున్నారు, ఆవిడ గీతలు ఎక్కడికి పోయాయి అని అడిగింది. కాబట్టి అక్కణ్ణుంచే మొదలెడతా.

కథ అందరికీ తెలిసిందే, సేతువు కడుతుంటే ఉడత ఇసకలో పొర్లి ఒంటికి అంటిన ఇసకని తీసుకెళ్ళి దులిపేది, రాముడు మురిసిపోయి మూడు వేళ్ళతో వీపు నిమిరాడు, ఉడతా భక్తి అనే మాట కూడా అక్కడిదే. వాల్మీకి రామాయణంలో ఈ ఉడత లేదు, మన తెలుగు రంగనాథ రామాయణంలో ఉంది. గమ్మత్తేంటంటే ఈ కథ మూడు గీతలుండే ఉడతలకే సరిపోతుంది. మన వైపు, అంటే దక్షిణాదిలో, ఇళ్ళ చుట్టూ తిరిగేది మూడు గీతల ఉడత, స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ 1766లోనే దానికి శాస్త్రీయనామం పెట్టాడు, ఇప్పుడు వాడే పేరు ఫునాంబులస్ పాల్మారమ్. ఫునాంబులస్ అంటే లాటిన్‌లో తాడు మీద నడిచేవాడు, మా వీధి కేబుల్ వైర్లు చూస్తే ఆ పేరు పెట్టినవాడికి దండం పెట్టాలనిపిస్తుంది. ఉత్తరాదికి వెళ్ళే కొద్దీ దాని చుట్టం, ఐదు గీతల ఉడత, ఫునాంబులస్ పెన్నాంటీ కనిపిస్తుంది. మా పిన్ని వాళ్ళు బల్లార్షాలో ఉంటారు, వాళ్ళబ్బాయి నాగపూర్‌లో హాస్టల్ కిటికీలోంచి తీసి పంపిన ఫోటోలో చక్కగా ఐదు గీతలున్నాయి, "మరి అక్కడ రావుడు ఐదు వేళ్ళూ పెట్టేడేటి" అని మామ్మ అడిగితే ఫోన్లో పిన్ని పగలబడి నవ్వింది. వాళ్ళకి ఎలాగూ గర్వం ఎక్కువే, మహారాష్ట్ర రాష్ట్రజంతువే ఉడత కదా, శేక్రూ అని మూరకి పైగా తోకున్న పెద్ద అడవి ఉడత, మనం బెట్టుడుత అంటామే, అది. మరాఠీలో మామూలు ఉడతని ముద్దుగా ఖారూతాయి అంటారట, అంటే ఉడతక్క.

గీతలు లెక్కపెట్టడం అనుకున్నంత ఈజీ కాదు. మధ్యలో మూడు లేత గీతలు రెండింటికీ ఉంటాయి, ఐదు గీతలదానికి ఇంకో రెండు సన్నవి కింద పక్కల మీద ఉంటాయి, పైనుంచి చూస్తే కనబడవు. అది పక్కకి తిరిగి గోడ మీద అతుక్కుని ఉన్నప్పుడు చూడాలి.

సరే, ఈ గీతలు ఎలా వస్తాయి అంటే ఇక్కడ ఒక మంచి సంగతి ఉంది. చాలామంది ముదురు రంగు మీద తెల్ల గీత గీసినట్టు ఊహించుకుంటారు, కానీ తెల్ల రంగు అనేదే వెంట్రుకలో లేదు. ఉన్నది మెలనిన్ ఒకటే, అందులో నలుపు-గోధుమ రకం ఒకటి, పసుపు-ఎరుపు రకం ఒకటి. తెలుపు అంటే రంగు పడకపోవడం. ఆఫ్రికాలో గీతల ఎలుక అని ఒకటుంది, దాని మీద 2016లో శాస్త్రవేత్తలు చేసిన పనిలో ఏం తేలిందంటే, లేత గీత వచ్చే చోట ఏఎల్ఎక్స్3 అనే జన్యువు గట్టిగా పనిచేసి రంగు కణాల్ని ఎదగనివ్వకుండా ఆపేస్తుంది, ఉడత కుటుంబంలోదే అయిన చిప్‌మంక్‌లో కూడా అదే జన్యువు అదే పని చేస్తోంది. అంటే గీత అనేది గీసింది కాదు, రంగు వెయ్యకుండా వదిలేసింది. గోడకి సున్నం వేసేటప్పుడు టేపు అంటించి తీసేస్తే మిగులుతుందే చార, అలాగ. మిగతా ఒళ్ళంతా కూడా రంగు పడకపోతే ఇంక చార ఎక్కడ కనబడుతుంది? గీతలు పోలేదు మామ్మా, ఒళ్ళంతా ఒకటే గీత అయిపోయింది అని చెప్తే ఆవిడ నన్ను అనుమానంగా చూసింది.

ఇప్పుడు ఒళ్ళంతా రంగు ఎందుకు పడలేదు అన్నది. ఇక్కడే మా తమ్ముడితో సహా అందరూ తికమక పడేది, ఎందుకంటే తెల్ల జంతువు కనబడగానే ఆల్బినో అనేస్తారు, కానీ తెల్లబడ్డానికి దారులు చాలా ఉన్నాయి.

ఇల్లు పెయింటింగ్ అనుకోండి. పిల్ల కడుపులో తయారవుతున్నప్పుడు రంగు వేసే కణాలు వెన్నెముక పొడుగునా పుట్టి, అక్కణ్ణుంచి నడుచుకుంటూ వెళ్ళి ఒళ్ళంతా సర్దుకుంటాయి, పెయింటర్లు బస్సు దిగి తలో వీధికీ వెళ్ళినట్టు. ఆల్బినోలో పెయింటర్లందరూ టైముకి వచ్చేశారు, నిచ్చెనలు వేశారు, బ్రష్షులు తీశారు, డబ్బా మూత తీస్తే లోపల రంగు లేదు. మెలనిన్ తయారవ్వాలంటే టైరోసినేజ్ అనే ఎంజైమ్ కావాలి, ఆ జన్యువు చెడితే ఒంట్లో ఎక్కడా రంగు పుట్టదు, వెంట్రుకలో లేదు, చర్మంలో లేదు, కంట్లో కూడా లేదు. కంట్లో లేకపోతే లోపలి రక్తనాళాలు కనబడి కన్ను ఎర్రగానో గులాబీగానో ఉంటుంది.

రెండోది లూసిజం అంటారు. దీంట్లో డబ్బాలో రంగు నిండుగా ఉంది, పెయింటర్లే రాలేదు, లేదా సగం దారిలో ఆగిపోయారు. దీనికి ఒక జన్యువు అని కాదు, చాలా ఉన్నాయి. వెన్నెముక దగ్గర బయల్దేరాలి కాబట్టి ఆఖరున చేరాల్సిన చోట్లు ఏంటి, పొట్ట, పాదాలు, తోక చివర, నుదురు. అందుకే కుక్కల్లో, పిల్లుల్లో, ఆవుల్లో తెల్ల మచ్చలు సరిగ్గా అక్కడే ఎక్కువ చూస్తాం, నుదుట చుక్క, కాళ్ళకి మేజోళ్ళు. పెయింటర్లు ఒక్కరూ రాకపోతే జంతువు మొత్తం తెల్లగా పుడుతుంది. కానీ కన్ను మాత్రం మామూలుగా నల్లగానే ఉంటుంది, ఎందుకంటే కంటి లోపలి రెటీనా వెనక ఉండే రంగు పొర ఈ బస్సులో వచ్చిన పెయింటర్లది కాదు, అది కన్ను తయారయ్యే చోటే పుట్టే కణాలది, లోకల్ వాళ్ళన్నమాట. బస్సు రాకపోయినా వాళ్ళ పని వాళ్ళు చేసేసుకుంటారు.

బొల్లి ఈ రెండూ కాదు. బొల్లిలో పెయింటర్లు వచ్చారు, రంగు వేశారు, తర్వాత ఎప్పుడో చనిపోయారు, అంటే పుట్టాక వచ్చే సంగతి. దెబ్బ తగిలిన చోట వెంట్రుక తెల్లగా మొలవడం కూడా ఇలాంటిదే, గుర్రం వీపు మీద జీను ఒరుసుకుని పుండు పడ్డ చోట తెల్ల మచ్చ మిగులుతుంది చూడండి.

ఇంకో దారి చూడాలంటే మన నందన్‌కానన్ జూకి వెళ్ళాలి, భువనేశ్వర్ దగ్గర. 1980లో అక్కడ మామూలు రంగున్న పులుల జంటకి తెల్ల పిల్లలు పుట్టి పెద్ద వార్త అయింది. చిన్నప్పుడు స్కూల్ టూర్లో తెల్ల పులిని చూసి వచ్చి ఆల్బినో పులి అని వ్యాసం కూడా రాశాను, తప్పు. ఆల్బినో అయితే నల్ల చారలు ఎలా ఉంటాయి? తెల్ల పులిలో పసుపు-ఎరుపు రకం మాత్రమే ఆగిపోయింది, నలుపు వస్తోంది, ఎస్ఎల్‌సీ45ఏ2 అనే జన్యువులో ఒక్క చిన్న మార్పు వల్ల అని 2013లో తేల్చారు. అంటే పెయింటర్లు వచ్చారు, డబ్బాలు రెండు తెచ్చారు, ఒకటి ఖాళీ. (ఆ వ్యాసానికి నాకు పదికి తొమ్మిది వేశారు, ఇప్పుడు చెప్పినా మార్కులు వెనక్కి తీసుకోరు కదా.)

అమెరికాలో ఈ తేడా రెండు ఊళ్ళలో పక్కపక్కన పెట్టినట్టు కనిపిస్తుంది. ఇలినాయ్ రాష్ట్రంలో ఓల్నీ అనే ఊరికి తెల్ల ఉడతల ఊరనే పేరు, అక్కడివి ఎర్ర కళ్ళ ఆల్బినోలు, రోడ్డు మీద అడ్డొస్తే ముందు ఉడతకే దారివ్వాలి. నార్త్ కరోలినాలో బ్రెవార్డ్ అనే ఊళ్ళోనూ తెల్ల ఉడతలే, కానీ వాటి కళ్ళు నల్లవి, నెత్తి మీద బూడిదరంగు మచ్చ ఉంటుంది, అవి ఆల్బినోలు కావు. రెండూ మన ఉడత కాదు, అక్కడి పెద్ద బూడిద ఉడత, ఐనా కళ్ళలోకి చూస్తే విడదీసెయ్యొచ్చు.

కాబట్టి నా పని ఇక ఒకటే, ఆ ఉడత కంట్లోకి చూడటం. విన్నంత తేలిక కాదండీ. మొదటిరోజు ఫోన్లో తీసిన ఫోటో జూమ్ చేస్తే కన్ను నాలుగు చుక్కలంత ఉంది. రెండోరోజు సాయంత్రం చీకటి పడుతుంటే జామచెట్టు మీద దొరికింది, ఫ్లాష్ వేసి కొట్టా, కన్ను ఎర్రగా నిప్పుకణికలా వచ్చింది, ఆల్బినోనే అని తమ్ముడు గెంతులేశాడు. తర్వాత గుర్తొచ్చింది, ఫ్లాష్ వేస్తే పెళ్ళి ఫోటోల్లో మా బాబాయి కళ్ళు కూడా ఎర్రగానే పడ్డాయి, ఆయన ఆల్బినో కాదు. ఫ్లాష్ వెలుతురు కంటి లోపలికి వెళ్ళి తిరిగొస్తే ఎవరికైనా అంతే, దాన్ని సాక్ష్యంగా పెట్టుకోకూడదు. పగటి వెలుతురే కావాలి, అదీ నీడలో కాదు, నీడలో ఎర్ర కన్ను కూడా ముదురుగా కనబడి మోసం చేస్తుంది.

ఈలోపు పిండిమిల్లు థియరీ మాత్రం దానంతటదే పోయింది. జూన్ మొదటి వానకి ఉడత మొత్తం తడిసి మా సన్‌షేడ్ కిందకి వచ్చి కూర్చుంది, తోక తాడులా అయిపోయి, నిజంగానే మావుసీ చెప్పిన మూషాలా ఉంది, వెంట్రుకలు అతుక్కుపోయి మధ్యలో గులాబీ చర్మం కనబడుతోంది గానీ తెలుపు కరగలేదు. ఎదురింటాయన గొడుగేసుకుని వచ్చి మరీ చూసి "మైదా అయ్యుంటుంది, అంత తొందరగా పోదు" అన్నాడు. ఓటమి ఒప్పుకునే రకం కాదు ఆయన.

ఇంత అరుదుగా ఎందుకు పుడతాయి అంటే కొంచెం లెక్క చెయ్యాలి. ఆల్బినిజం సంగతే తీసుకుంటే, చెడిన జన్యువు అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి, రెండూ రావాలి. ఒక్కటే వస్తే ఆ ఉడత మామూలుగానే ఉంటుంది, మూడు గీతలతో, తనలో ఏముందో బయటికి తెలీదు. అలాంటివి రెండు జతకడితే ఒక్కో పిల్ల తెల్లగా పుట్టే అవకాశం నాలుగింట ఒకటి. ఊరికే లెక్క కోసం, వందలో ఒక ఉడత ఆ జన్యువు మోస్తోంది అనుకుందాం, అలాంటివి రెండూ ఒకదానికొకటి తారసపడే అవకాశం పదివేలలో ఒకటి, దాన్ని మళ్ళీ నాలుగుతో భాగిస్తే నలభైవేల పిల్లల్లో ఒకటి. మా పెరట్లో అన్ని పిల్లలు పుట్టాలంటే పరుపులో దూది సరిపోదు.

కానీ ఈ లెక్క ఎవరు ఎవరితోనైనా జతకట్టొచ్చు అనుకుంటేనే. ఊళ్ళో నాలుగు చెట్లు మిగిలి, చుట్టూ బిల్డింగులు, రోడ్లు వచ్చేస్తే అక్కడున్న ఉడతలన్నీ చుట్టాలే అవుతాయి, అన్నాచెల్లెళ్ళ పిల్లలు కలిసినట్టు, దాగున్న జన్యువులు ఒకదాన్నొకటి తొందరగా వెతుక్కుంటాయి. దీనికి మన ఒడిశాలోనే పెద్ద ఉదాహరణ ఉంది, సిమిలిపాల్ పులులు. అక్కడ చారలు వెడల్పయిపోయి ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి దాదాపు నల్లగా కనబడే పులులున్నాయి, 2021లో బెంగుళూరు శాస్త్రవేత్తలు దానికి టాక్‌పెప్ అనే జన్యువులో మార్పు కారణమని చూపించారు. ఆ అడవి మిగతా పులుల అడవులకి దూరంగా విడిపోయి ఉంది, ఉన్నవి కొద్ది పులులే, అవి వాటిలో అవే జతకట్టడం వల్ల, బయట దాదాపు ఎక్కడా కనబడని ఆ రంగు అక్కడ మామూలైపోయింది. జనాలు నల్ల పులి అని సంబరపడతారు, చదివినవాళ్ళకి మాత్రం కొంచెం దిగులుగా ఉంటుంది.

పుట్టడం ఒక ఎత్తు, బతకడం ఒక ఎత్తు. గోధుమరంగు ఉడత మామిడి బెరడు మీద కదలకుండా అతుక్కుంటే పక్కనున్న మనిషికే కనబడదు, తెల్లది మాత్రం మూడు ఇళ్ళ అవతల గద్దకి కూడా కనబడుతుంది. ఆల్బినో అయితే చూపు కూడా మందమే, మెలనిన్ లేకపోతే కంటి నరాలు మెదడుకి వెళ్ళే దారి సరిగ్గా కుదరదు, దూరం అంచనా దెబ్బతింటుంది, కొమ్మ నుంచి కొమ్మకి దూకి బతికే ప్రాణికి అంతకంటే కష్టం ఏముంటుంది. పెద్దయిన తెల్ల ఉడత మన కంట పడిందంటే అది గద్దల్ని, కాకుల్ని, పిల్లుల్ని దాటుకుని వచ్చిందని అర్థం.

మనుషుల్ని దాటడం ఇంకా కష్టం. ఎవరో వీడియో తీసి దేవతా ఉడత అని పెట్టారు, రెండు రోజుల్లో మా పెరటి గోడ అవతల పాతికమంది పోగయ్యారు, ఒకడు ఎలుకల బోను తెచ్చి పట్టిస్తే డబ్బులిస్తా అన్నాడు. మామ్మ చీపురు తిరగేసింది. ఆవిడకి డెబ్బై ఎనిమిదేళ్ళు, చీపురు పట్టుకుంటే మాత్రం అలా కనబడదు.

జనం సద్దుమణిగాక ఒక ఆదివారం నేను గచ్చు మీద వేరుశెనగ పలుకులు చల్లి, తలుపు వెనక స్టూలు వేసుకుని కూర్చున్నా. ముందు మూడు గీతలవి రెండు వచ్చి సగం తినేశాయి. తర్వాత అది వచ్చింది, గోడ దిగేటప్పుడు వెనక పాదాలు పూర్తిగా వెనక్కి తిప్పి గోళ్ళు ఆనించి తలకిందులుగా దిగింది, మామూలు ఉడతలు దిగినట్టే. ఆరడుగుల దూరం, ఎండ నేరుగా మొహం మీద. పలుకు పట్టుకుని గింగిరాలు తిప్పుతూ పొట్టు తీస్తోంది, మీసాలు కూడా తెల్లవే, ముక్కు గులాబీ. కన్ను మిరియం గింజలా నల్లగా, తడిగా మెరుస్తోంది. ఆల్బినో కాదు. బస్సు తప్పిపోయిన బాపతు.

లోపలికెళ్ళి చెప్పా, మామ్మా దానికి డబ్బాలో రంగు ఉంది, పెయింటర్లే టైముకి రాలేదు, అందుకే తెల్లగా ఉంది, చూపుకి ఏం ఢోకా లేదు అని. ఆవిడ బియ్యంలో రాళ్ళు ఏరుతూ తల కూడా ఎత్తలేదు.

"నాను సెప్పింది కూడా అదే కదరా, లేటయిందని."

బయట గచ్చు మీద గీతలున్న ఉడత ఒకటి దాన్ని తరుముతోంది, ఆఖరి పలుకు కోసం.